దొర మెచ్చిన ఆపిల్ పై

మా ముత్తాత పదకొండు ఊళ్ళకు మిరాశీదారు. మా తాత ఆనరరీ మేజిస్ట్రేటు. చిత్తూరు వీధుల్లో ఆయన జట్కా పోతుంటే అంగళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారని చెబుతారు (చెప్పింది ఆయనే). మా నాయన ఏ పదవీ లేనివారు. అయితే ఏమీ కాకపోవడాన్ని కూడా ఆయన వీపు నిటారుగా పెట్టి, పంచె మడత నలగకుండా, ఎంతో హుందాగా నిర్వహించారు. డెబ్బైల చివర్లో, నేను తిరుపతిలో బి.ఏ. ముగించి ఇంటికి వచ్చేనాటికి, మాకు రెండు రకాల ఆస్తి ఉండేది. ఒకటి ఉన్నది, రెండోది ఉండినది. ఉన్నది ఇంటి ముందు భాగమూ, ఊరి బయట మూడెకరాల మామిడితోపూ. ఉండినదాని జాబితా చదవడానికి మాత్రం ఒక పూట పట్టేది, భోజనాల వేళ నాయన రోజూ చదివేవారు కూడా.

ఆ జాబితాలో అన్నిటికన్నా పైన ఉండేది ఆపిల్ పై అనే దొరల వంటకం. ఇంగ్లీషువాళ్ళ కాలంలో శిస్తు లెక్కలు చూసే జమాబందికి వచ్చిన కలెక్టరు దొర మా ఇంట్లో భోంచేసి, చివర్లో మా తాత పెట్టించిన ఆపిల్ పై తిని, రెండో ముక్క అడిగి మరీ తిని, "మా అమ్మ కూడా ఇంత బాగా చేయదు" అన్నాడట. ఈ మాట మా వంశానికి తామ్రశాసనం. పొలాలు పోయాయి, జట్కా పోయింది, గుర్రం ఎవరికి పోయిందో కూడా తెలియదు. ఆ దొరగారి అమ్మ మీద మేము గెలిచిన గెలుపు మాత్రం అట్లాగే నిలిచి ఉంది. నేను పుట్టి బుద్ధెరిగాక మా ఇంట్లో ఆపిల్ పై ఎవరూ చేయలేదు, చూడలేదు, అది తీపా కారమా అని కూడా నాకు ఖచ్చితంగా తెలియదు. అయినా దాని గురించి గంటసేపు మాట్లాడగలిగేవాణ్ణి.

మాట్లాడకూడని చోట మాట్లాడాను. చిత్తూరు దగ్గర ఒక మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో నాకు ఆ సీజనుకు తాత్కాలిక గుమాస్తా పని దొరికింది. విదేశాల కొనుగోలుదార్లకు ఇంగ్లీషులో ఉత్తరాలు రాయడం నా పని. యజమానిని అందరూ ముదలాళి అనేవాళ్ళు. ఆయన నాయన ఒకప్పుడు మా తోపులో కాయలు దింపే కూలీలకు మేస్త్రీ. ఈ సంగతి మా ఇద్దరికీ తెలుసు, ఇద్దరమూ ఎత్తేవాళ్ళం కాదు. నేను మాత్రం ఆయన ముందు కొంచెం ఎక్కువ నిటారుగా నిలబడేవాణ్ణి. సీజను ముగిసేలోపు నన్ను పర్మనెంటు చేసేదీ లేనిదీ చెబుతానని ఆయన మాట. అటువంటి సమయంలో హాలండు నుంచి గుజ్జు కొనే పెద్దమనిషి ఒకాయన వస్తున్నాడని జాబు వచ్చింది. ముదలాళి దిగులుగా తల గోక్కుంటూ, "ఆ దొరకు ఏం పెట్టేదబ్బా? ఇడ్లీ పెడితే చేత్తో నొక్కి నొక్కి సూస్తాడు, పోయినసారి అట్లే చేసినాడు" అన్నాడు. ఉత్తరం టైపు చేస్తున్న నేను తల ఎత్తకుండానే, "మా ఇంట్లో అయితే దొరలకు ఆపిల్ పై పెట్టేవాళ్ళం" అన్నాను.

ముదలాళి తల గోక్కోవడం ఆపాడు. "అట్లనా అప్పా. అయితే నువ్వే చేపియ్యి. శుక్రవారం మధ్యాన్నం బోజనానికి. దొర మెచ్చుకున్నాడంటే ఆ సాయంత్రమే నీ ఆర్డరు మీద సంతకం పెడతా. మెచ్చుకోలేదంటే..." అని ఆగి, "మీ తాత పేరు సెడగొట్టొద్దు, అంతే" అన్నాడు. మేస్త్రీ కొడుకు నా వంశ గౌరవాన్ని నాకు అప్పగిస్తున్నాడు! లేచి నిలబడి, తప్పకుండా అన్నాను. అది సోమవారం.

మంగళవారం తెల్లారి బస్సెక్కి తిరుపతి వెళ్ళాను. జూన్ నెల, చిత్తూరులో ఎటు చూసినా మామిడే తప్ప ఆపిల్ కంటికి కనబడదు. తిరుపతి బస్టాండు పక్కన పండ్ల అంగట్లో, ఊదారంగు కాగితాల్లో చుట్టి, గడ్డిలో పడుకోబెట్టి ఉన్నాయి. ఆ రోజుల్లో మా వైపు ఆపిల్ పండు ఒక్క సందర్భంలోనే కొనేవారు. అంగడతను నన్ను చూసి గొంతు తగ్గించి, "ఎవురికి సామీ? ఏ వార్డు?" అని అడిగాడు. ఆస్పత్రికి కాదు, వంటకని చెప్పాను. అతను పక్కనున్న బత్తాయిల అంగడతనితో, "వంటకంట, ఆపిలు!" అని చెప్పాడు. ఇద్దరూ నా మొహం వైపు జాలిగా చూశారు, జబ్బు నాకేనేమో అన్నట్టు.

ఇక ఎంపిక. నేను ఎన్నుకున్న పద్ధతి పూర్తిగా రాచపద్ధతి: దేని మొహం ఎక్కువ ఎర్రగా నిగనిగలాడితే అది. పెద్దవి, ఎర్రవి, అద్దంలా మెరిసేవి పన్నెండు ఏరాను. మూలన ఒక తట్టలో చిన్నచిన్నవి, సగం ఆకుపచ్చవి, గట్టివి ఉన్నాయి. అవేమిటని అడిగాను. "అవి పులుపు సామీ. పళ్ళు జివ్వుమంటాయి. ఎవురూ తీసుకోరు, ఇడిసిపెట్టు" అన్నాడతను. మా వంశంలో మూల తట్ట నుంచి కొనే అలవాటు లేదని చెప్పాను. (ఈ వాక్యం అక్షరాలా అన్నాను. ఇప్పటికీ స్నానం చేస్తున్నప్పుడు గుర్తొచ్చి నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడిపోతుంటాను.) తిరుగు బస్సులో ఒళ్ళో పండ్ల సంచీతో కూర్చుంటే చిత్తూరు చేరేలోపు నలుగురు పరామర్శించారు. ఒక ముసలమ్మ అయితే, "అమ్మకా నాయనకా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే కళ్ళొత్తుకుంది.

బుధవారం అమ్మా నేనూ వంటింట్లో దిగాం. పిండి తడిపి పూరీలా ఒత్తి గిన్నెలో పరచాలని, లోపల పండు ముక్కలు, చక్కెర వేసి, పైన ఇంకో పూరీ మూసి కాల్చాలని నాయన జ్ఞాపకం. అడుగున ఇసుక పోసిన ఇత్తడి పాత్రలో గిన్నె పెట్టి, పై మూత మీద నిప్పులు పోశాం. గంట తర్వాత మూత తీస్తే పిండి తడిసి ముద్దయి ఉంది. లోపల ఒక్క ముక్క కూడా లేదు. అంతా కరిగి జావైపోయింది. ఆ అందమైన ఎర్రపండ్లన్నీ ఎన్నో నెలలు శీతల గిడ్డంగిలో పడుకుని లేచి వచ్చినవనీ, లోపల అప్పటికే పిండిపిండిగా అయిపోయాయనీ నాకేం తెలుసు? అమ్మ గరిటెతో జావ ఎత్తి, వదిలి, "ఇది జ్వరంలో తాగేదే కదరా" అంది. అప్పుడే గోడ అవతల నుంచి పక్కింటావిడ తొంగిచూసి, "ఎవురికమ్మా బాగలేదు?" అని అడిగింది. మావాడికి అంది అమ్మ.

నాయన ఒక చెంచా రుచి చూసి, చాలాసేపు గోడ మీది తాత ఫోటో చూసి, "బట్లర్ తాతను అడుగు" అన్నారు. బట్లర్ తాత అంటే మా తాత దగ్గర పనిచేసిన వంటమనిషి. దొరల వంటలు వచ్చు కాబట్టి ఆ పేరు. ఎనభై ఏళ్ళు దాటి, ఐరాలలో కొడుకు నడిపే టీ అంగడి ముందు బెంచీ మీద కూర్చుని, వచ్చేపోయే బస్సులను తిడుతూ ఉండేవాడు. గురువారం పొద్దున్నే అతని ముందు నిలబడి అంతా చెప్పి, "తాతా, ఏ రకం ఆపిల్ వాడినారు?" అని అడిగాను.

బట్లర్ తాత నోట్లో పళ్ళు లేవు. నవ్వితే గుహ తెరుచుకున్నట్టు ఉండేది. ఆ గుహ చాలాసేపు మూతపడలేదు. "ఆపిలా? యాడి ఆపిలు సామీ! నీలగిరి నుంచి బుట్ట తెప్పించినాడు మీ తాత. అది కాట్పాడి టేసన్లో రెండు దినాలు ఎండలో కూసోనింది. ఈడికొచ్చేసరికి ఈగలు తినినంక మనకు మిగిలింది ఏమీ లే. ఆడ జూస్తే దొర సూపు తాగతా ఉండాడు. నేనేం జేసేది? మీ తోపులోకి పరిగెత్తినా. బెంగుళూరా మామిడి, దోర కాయ, కోసి ముక్కలేసి, లవంగం, దాల్చినచెక్క దట్టించి పెట్టేసినా."

నేను బెంచీ మీద కూలబడ్డాను. అట్లా వీపు వంచి కూర్చోవడం అదే మొదలు. "తాతకు తెలుసా?" అన్నాను. "తెలీకపోతే నాకు జరీ పంచె ఎందుకిస్తాడు? ఇచ్చి, నోరు మూసుకోమన్నాడు. మూసుకున్నా. ఇప్పుడు నువ్వడిగితివి. పంచె ఏనాడో సినిగిపోయింది గదా, ఇంక సెప్పొచ్చు."

తామ్రశాసనం అంతటితో కరిగింది, ఎర్ర ఆపిల్ లాగే. అయినా మర్నాడు శుక్రవారం. ముసలాయన్ను బస్సెక్కించి నేరుగా తోపుకు తీసుకుపోయాను. అతను చెట్టు చెట్టుకూ తిరిగి కాయలు ఏరిన తీరు చూశాక, తిరుపతిలో నేను చేసింది పండ్ల ఎంపిక కాదు, పెళ్ళిచూపులని అర్థమైంది. కాయ తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కేవాడు, గోటితో కొట్టి చప్పుడు వినేవాడు, ఒకటి కోసి నాలిక్కి తగిలించి ఉమ్మేసేవాడు. బేనీషా, అంటే బంగినపల్లి, ఎందుకు కాదంటే, "తీపి ముందే ఉండేది పొయ్యి మీద నిలవదు, కరిగిపోతాది" అన్నాడు. నీలం మామిడి ఎందుకు కాదంటే, "వాసన పట్టిస్తాది సామీ, వీధి సివరికి తెలిసిపోతాది" అన్నాడు. బెంగుళూరా పెద్దగా వాసన లేనిది, గట్టిది, దోరగా ఉన్నప్పుడు పులుపూ తీపీ తగవులాడుకుంటూ ఉంటాయి. "పొయ్యి మీదికి పొయ్యేదానికి పులుపుండాల, బిగువుండాల. ఎరుపుతో ఏం పని? పెండ్లికూతురా?" అన్నాడు. నాకు మూల తట్ట గుర్తుకొచ్చింది.

శుక్రవారం ముదలాళి ఇంట్లో భోజనం. బట్లర్ తాత పొద్దున్నే మా ఇంట్లో వంట ముగించి, వచ్చి వరండాలో కూర్చుని ఉన్నాడు. మా ఆపిల్ పై వచ్చి బల్ల మీద కూర్చుంది. పైన బంగారు రంగు, కోస్తే లోపల ముక్కలు ముక్కలుగా నిలబడి, లవంగాల వాసనతో, అచ్చం నాయన వర్ణించినట్టే ఉంది. దొర ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నమలడం ఆపేశాడు. ఫ్యాక్టరీలో గుజ్జు శాంపిలు రుచి చూసేటప్పుడు ఆయన సరిగ్గా ఇట్లాగే కళ్ళు మూసుకుంటాడని నాకు అప్పుడు తట్టింది. బెంగుళూరా గుజ్జు కొనడానికే సముద్రాలు దాటి వచ్చిన మనిషికి, ఆ కాయల రుచి చెప్పి బతికే మనిషికి, బెంగుళూరా కాయనే ఆపిల్ అని పెట్టాను. ఇటువంటి పని మా వంశంలో ఇంకెవరూ చేసి ఉండరు.

దొర ఇంగ్లీషులో, "ఇది ఇంకో వారం మాగాల్సిన కాయ" అన్నాడు. "ఏమంటాడబ్బా దొర?" అన్నాడు ముదలాళి. "బాగుందంటున్నాడు" అన్నాను. దొర కళ్ళు తెరిచి, నవ్వుతూ, స్పష్టంగా, "తోతాపురి" అన్నాడు. బెంగుళూరాకు వ్యాపారంలో ఉన్న పేరు అదే. ముదలాళికి ఇంగ్లీషులో తెలిసిన ఏకైక మాట కూడా అదే.

"తోతాపురి అంటాడే!" అని నా వైపు తిరిగాడు ముదలాళి. మా తాత అయితే మీసం దువ్వి ఏదో ఒకటి చెప్పి గట్టెక్కేవారు. నాకు మీసం సరిగ్గా లేదు. లేచి నిలబడి, ఇద్దరికీ రెండు భాషల్లో, కాట్పాడి స్టేషన్లో కుళ్ళిన బుట్ట దగ్గర నుంచి పక్కింటావిడ పరామర్శ దాకా మొత్తం చెప్పేశాను. దొర బల్ల కొట్టి నవ్వాడు. తమ దేశంలో తినే ఆపిల్ వేరు, వండే ఆపిల్ వేరని, వండేది పుల్లగా గట్టిగా ఉంటుందని, ఎర్రపండుతో పై చేస్తే వాళ్ళమ్మ గరిటె తిరగేసి కొట్టేదని చెప్పాడు. ఈ కాయ ఎంచినవాడికి ఆ సంగతి తెలుసన్నాడు. రెండో ముక్క అడిగి వేయించుకున్నాడు. ముదలాళి మాత్రం నవ్వలేదు. "ఏ తోపు కాయ?" అని అడిగాడు. మాదే అన్నాను. "మా నాయన దింపిన తోపా?" అన్నాడు. అవునన్నాను.

బయటికి వస్తుంటే బట్లర్ తాత, "ఆ దొరా రెండు ముక్కలే, ఈ దొరా రెండు ముక్కలే. మీ తాత అబద్ధం సెప్పినాడు, నువ్వు నిజం సెప్పితివి. తినేదాంట్లో ఏం తేడా రాలే" అన్నాడు. సాయంత్రం నా ఆర్డరు మీద సంతకం పడింది. ఇంట్లో నాయనకు అంతా చెప్పాను. ఆయన పంచె మడత సరిచేసుకున్నారు. తర్వాత, "అయితే దొర తిన్నది మన తోపు కాయేనా?" అన్నారు. అవునన్నాను. "మరి అదే నయం కదరా" అన్నారు. ఆ రాత్రి నుంచి జాబితాలో ఆపిల్ పై వినిపించలేదు.

ఇప్పుడు పెద్ద అంగళ్ళలో ఆపిల్ గుట్టలు చూస్తే నా చేయి తనంతట తానే మూలనున్న పచ్చటి పుల్లకాయల వైపు పోతుంది. తొడిమ దగ్గర నొక్కి, గోటితో కొట్టి వింటాను. అక్కడి పిల్లలు నవ్వుకుంటారు. ఎర్రపండ్లు ఏరుకుంటూ నిటారుగా నిలబడిన ఆ బి.ఏ. కుర్రవాణ్ణి తలచుకుని నేనూ నవ్వుకుంటాను. వాడి వీపు మాత్రం నిజంగానే బాగుండేది.

ఆ ఏడాది శ్రావణంలో ముదలాళి మా ఇంటికి వచ్చి, మొదటిసారి కుర్చీలో కూర్చుని, తోపు కొంటానని అడిగాడు. నాయన ఇచ్చేశారు. మూడెకరాలు, నలభై రెండు బెంగుళూరా చెట్లు, ఒక బావి.