సంచీలో హెల్మెట్

సబ్బుల ఫ్యాక్టరీలో ముద్ర మిషన్ నడిపే ఆయన్ని అందరూ రేడియో అనేవారు. పొద్దున గేటు దాటిన దగ్గర్నుంచి సాయంత్రం సైరన్ మోగేదాకా ఆయన నోరు మూతపడేది కాదు. మిషన్ టకటకమంటూ సబ్బు బిళ్ళల మీద కంపెనీ గుర్తు నొక్కుతూనే ఉండేది, ఆ చప్పుడు మీదుగా ఆయన గొంతు వినిపిస్తూనే ఉండేది. మేనేజర్ నడక, ఫోర్‌మన్ దగ్గు, స్టోరు గుమస్తా మూడు జేబులూ తడుముకుని చివరికి చేతిలోనే తాళంచెవి చూసుకోవడం, అన్నీ చేసి చూపించేవాడు. భోజనాల గదిలో ఆయన బల్ల దగ్గర కుర్చీలు చాలేవి కావు. ఆయన ఎవరికైనా పేరు పెట్టాడంటే అది అతుక్కుపోయేది.

అలా పేరు పడ్డవాళ్ళలో ముక్కమ్మ ఒకతె. పాతికేళ్ళుంటాయేమో. తయారైన ప్రతి వాయి సబ్బునూ అచ్చుకు పంపేముందు వాసన చూసి చెప్పడం ఆమె పని. అద్దాల గదిలో ఒక్కతే కూర్చుని, కళ్ళు మూసుకుని, ముక్కు దగ్గర సబ్బు ముక్క పెట్టుకుని, "ఇందులో నిమ్మ తక్కువైంది" అనేది. ఆ మాటకు ఎదురుండేది కాదు. రేడియోను బాబాయ్ అని పిలిచేది. తనకు పెట్టిన పేరుకు అందరికంటే ముందు నవ్వింది తనే.

ఆ అమ్మాయి ఒకరోజు సైకిల్ మీద హెల్మెట్ పెట్టుకుని వచ్చింది. అలాంటిది అంతకుముందు ఫ్యాక్టరీ సైకిల్ స్టాండులో ఎవరూ చూడలేదు. పసుపుపచ్చగా, గుండ్రంగా, గడ్డం కింద పట్టీతో ఉంది. వాళ్ళమ్మ కొనిపెట్టిందట. మధ్యాహ్నం భోజనాల గదిలో రేడియో ఒక ఖాళీ ప్లాస్టిక్ టబ్బు బోర్లించి నెత్తిన పెట్టుకున్నాడు. చేతులు రెండూ హ్యాండిల్ పట్టుకున్నట్టు చాపి, మోకాళ్ళు పైకెత్తుకుంటూ బల్లల మధ్య ఒక చుట్టు తిరిగొచ్చాడు.

"అమ్మాయ్, సబ్బుల ఫ్యాక్టరీకి వస్తున్నావా, చంద్రమండలానికి పోతున్నావా?" అన్నాడు.

గది గదంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ముక్కమ్మ కూడా నవ్వింది. కాకపోతే ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగింది. అది ఆయన చూశాడు. చూసి కూడా మర్నాడు "గుమ్మడికాయ దిగింది" అన్నాడు, ఆ మర్నాడు ఇంకేదో అన్నాడు. వారం తిరక్కుండానే ఆమె వట్టి తలతో వచ్చింది. "హమ్మయ్య, తల బయటపడింది" అని స్వాగతం చెప్పాడు. అక్కడితో ఆ కథ అయిపోయిందనుకున్నారందరూ.

ఆ ఏడే మేనేజర్ నోటీసు అంటించాడు. హెల్మెట్ లేకుండా వచ్చే సైకిళ్ళను ఇకమీదట స్టాండులోకి రానివ్వరట. దాదాపు అందరూ సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళే. గోల గోల అయింది. మాట్లాడడానికి ఎవరిని ముందుకు తోస్తారో వేరే చెప్పక్కర్లేదు.

"అయ్యా, తల మాది," అన్నాడు రేడియో మేనేజర్ గదిలో నిలబడి. "బాత్‌రూములో జారిపడి తల పగిలేవాళ్ళు లేరా? స్నానానికీ హెల్మెట్ పెట్టుకోమంటారా? కావాలన్నవాడు పెట్టుకుంటాడు, వద్దన్నవాడు మానేస్తాడు. ఎవరిష్టం వాళ్ళది."

మేనేజర్‌కే నవ్వాగలేదు. నోటీసు తీసేశాడు. ఆరోజు రేడియోను భుజాల మీద ఎత్తుకున్నంత పని చేశారు. ఎవరిష్టం వాళ్ళదన్న మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. అందులో కపటం లేదు. కపటం తర్వాత మొదలైంది.

వానాకాలంలో ఒక పొద్దున, వంతెన దిగే వాలులో, ఆయన సైకిల్ ముందు చక్రం తడిసిన మ్యాన్‌హోల్ ఇనుప మూత మీద జారింది. ఏం జరుగుతోందో తెలిసేలోగా రోడ్డు మీద వెల్లకిలా ఉన్నాడు. మోకాలు చీరుకుపోయింది, అంతకుమించి ఏమీ కాలేదు. లేవబోతూ పక్కకు తల తిప్పితే కాలిబాట రాయి అంచు చెవికి జానెడు దూరంలో కనిపించింది. చాలాసేపు లేవలేకపోయాడు. దెబ్బ తగిలి కాదు.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ప్యాంటు చినిగిందేమని భార్య అడిగితే మేకు గీరుకుందన్నాడు. ఆదివారం నాడు, ఎరిగున్నవాళ్ళెవరూ తగలరని ఊరికి అటు చివరున్న దుకాణానికి వెళ్ళి హెల్మెట్ కావాలన్నాడు.

"ఎవరికి సార్?"

"మా అల్లుడికి." ఆయనకు అల్లుడు లేడు. ఉన్నది ఒక్కడే కొడుకు, వాడింకా పెళ్ళి మాటే ఎత్తడం లేదు.

"తల కొలత తెలుసా?"

"నా అంతే ఉంటుంది."

నల్లటిది తెచ్చుకున్నాడు. భార్య చూసి, "పోనీలే, ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది" అని సంతోషించింది. రోజూ గడప దగ్గర నిలబడి పట్టీ బిగించుకున్నాడో లేదో చూసేది. ఆమెకు తెలియనిదల్లా ఒక్కటే. ఫ్యాక్టరీ మలుపుకు ముందు మూతపడిన పెట్రోలు బంకు ఒకటుంది. ఆయన దాని గోడ వెనక దిగి, హెల్మెట్ తీసి, భోజనం సంచీలో కుక్కి, జుట్టు సరిచేసుకుని, అప్పుడు మలుపు తిరిగేవాడు. సాయంత్రం మళ్ళీ అక్కడే పెట్టుకునేవాడు. బంకు వెనక నిలబడినప్పుడల్లా సిగరెట్ దొంగతనంగా కాల్చే పిల్లవాడిలా ఒళ్ళు ముడుచుకుపోయేది. అయినా మానలేదు. ఇటు హెల్మెట్ వదలడానికి భయం, అటు నవ్వులపాలు కావడానికి భయం.

ఒకసారి మాత్రం చెబుదామనుకున్నాడు. స్టాండులో ముక్కమ్మ సైకిల్‌కు తాళం వేస్తోంది. జుట్టంతా గాలికి రేగి ఉంది. "అమ్మాయ్, ఆ పసుపుపచ్చ హెల్మెట్ ఇంట్లోనే ఉందా?" అని నాలుక చివరిదాకా వచ్చింది. పక్కనే ఇద్దరు ప్యాకింగ్ వాళ్ళు ఆగి, ఆయన నోరు తెరవడం చూసి, నవ్వడానికి సిద్ధంగా మొహాలు పెట్టారు.

"నీ జుట్టు చూస్తే మా మిషన్‌కు బ్రష్షు కొననక్కర్లేదు" అన్నాడు.

వాళ్ళు నవ్వారు.

ఆ తర్వాత కొద్దిరోజులకే, ఆగి ఉన్న ఒక కారు తలుపు హఠాత్తుగా తెరుచుకుంటే తప్పించబోయి ముక్కమ్మ పడిపోయింది. తల వెనకభాగం రోడ్డుకు కొట్టుకుంది. కబురు ఫ్యాక్టరీకి చేరేసరికి రేడియో మిషన్ దగ్గరున్నాడు. ఆ పూట ఎన్ని బిళ్ళలు వంకరగా అచ్చయ్యాయో ఫోర్‌మన్ చెప్పేదాకా ఆయన చూసుకోలేదు.

సైరన్ మోగగానే సరాసరి ఆసుపత్రికి వెళ్ళాడు. బంకు దగ్గర ఆగలేదు, హెల్మెట్ సంచీలోనే ఉండిపోయింది. ఆ సంచీ భుజానుందన్న ధ్యాసే లేదు.

ముక్కమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. తల చుట్టూ కట్టు. ప్రాణానికి భయం లేదన్నారట. వాళ్ళమ్మ లేచి ఎదురొచ్చింది.

"రండి అన్నయ్యగారూ. మీ గురించి రోజూ చెప్పేది. మా బాబాయ్ ఇలా నవ్వించాడు, అలా నవ్వించాడు అని." అంటూనే చనువుగా సంచీ అందుకుంది. "ఎందుకండీ ఇవన్నీ, వచ్చినవాళ్ళంతా పళ్ళే తెస్తున్నారు." గుండ్రంగా బరువుగా ఉన్నదాన్ని పుచ్చకాయ అనుకుని పైకి తీసింది.

హెల్మెట్.

దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ఆమె ఆయన వైపు చూసింది. అంతలో ఆ తల్లి కళ్ళు చెమ్మగిల్లాయి. "అమ్మాయికా? అమ్మాయి కోసం తెచ్చారా?"

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. చెప్పడానికి కావలసినంత వ్యవధి ఆమె ఇచ్చింది కూడా.

"అవునమ్మా," అన్నాడు. "అమ్మాయికే."

"చూశావటే, ఎంత అభిమానమో," అని ఆమె దాన్ని కూతురి ఒళ్ళో పెట్టింది. ముక్కమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది. లోపలి స్పాంజి నొక్కుకుపోయి అణిగి ఉంది. పట్టీ మీద చెమట ఎండి తెల్లగా ఉప్పు చార కట్టింది. ఆమె అలవాటు చొప్పున ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, గట్టిగా పీల్చింది. మళ్ళీ పీల్చింది.

"వాసన తెలియడం లేదు బాబాయ్," అంది. "దీనిదే కాదు, దేనిదీ. మందుల వాసన కూడా. డాక్టరు రావచ్చంటున్నాడు, రాకపోవచ్చనీ అంటున్నాడు."

ఆ చార మీదే వేలు ఆనించి ఉంచింది. ఆయన మొహంలోకి మాత్రం చూడలేదు. ఏదో పనుందని చెప్పి ఆయన బయటపడ్డాడు. 

ఇంటికి వట్టి తలతో వచ్చాడు. "హెల్మెట్ ఏది?" అంది భార్య. దానికి సమాధానం చెప్పాలంటే పెట్రోలు బంకు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. మొదలుపెట్టి, టబ్బు సంగతి దాకా మొత్తం చెప్పాడు. ఆమె కూర తరగడం ఆపి వింది.

"ఆ పిల్ల నెత్తి మీంచి దింపించి, నీది సంచీలో దాచుకున్నావా," అంది చివరికి. తిట్టలేదు. తిడితే బాగుండేది. కంచం పెట్టి ఆమె అవతలి గదిలోకి వెళ్ళిపోయింది.

కొన్ని నెలలకు ముక్కమ్మ పనిలోకి వచ్చింది. అద్దాల గదిలోకి కాదు, ప్యాకింగ్‌లోకి. వాసన తిరిగి రాలేదు. ఆ గదిలో అప్పటికే వేరే అతను కూర్చున్నాడు. మొదటిరోజే ఆమె ముద్ర మిషన్ దగ్గరికి వచ్చి, కాగితంలో చుట్టిన నల్ల హెల్మెట్ బల్ల మీద పెట్టింది.

"నాకు వదులు బాబాయ్. నీ కొలతది."

ఆయన మిషన్ ఆపేశాడు. "తప్పయిపోయిందమ్మా."

"నువ్వు తీసెయ్యమనలేదు. తీసింది నేనే. ఆ మాట నాకు నేను రోజూ చెప్పుకుంటున్నా." హెల్మెట్ మీది కాగితం అంచు సరిచేసింది. "కానీ నువ్వు భయపడి పెట్టుకుంటున్నావని ఒక్కసారి, చెవిలోనైనా చెప్పి ఉంటే నేనూ పెట్టుకునేదాన్ని. ఎవరు నవ్వినా పెట్టుకునేదాన్ని."



ఆమెకు జరిగింది చూసి మేనేజర్ మళ్ళీ నోటీసు మాట ఎత్తాడు. ఈసారి భోజనాల గదిలోనే అందరినీ కూర్చోబెట్టి అడిగాడు. అన్ని తలలూ రేడియో వైపే తిరిగాయి. "లే, నువ్వు చెప్పు" అని వెనకనుంచి ఎవరో వీపు మీద చరిచారు. ఆయన లేచాడు.

"ఎవరిష్టం వాళ్ళదని అప్పుడన్నాను. ఇప్పటికీ అదే అంటాను," అన్నాడు. చప్పట్లు మోగాయి. "ఆగండి. ఇష్టమని చెప్పి నేనే దాన్ని లేకుండా చేశాను. పెట్టుకున్నవాళ్ళను ఉండనిచ్చానా? నేను నెలల తరబడి హెల్మెట్ పెట్టుకుని, పాత బంకు వెనక తీసి, సంచీలో దాచుకుని వచ్చాను."

ఒకడు కిసుక్కుమన్నాడు. ఇంకొకడు అందుకున్నాడు. రేడియో మొహం ఎంత దిగాలుగా పెడితే అంత పెద్ద హాస్యం రాబోతోందని వాళ్ళకు ఏళ్ళ అలవాటు. "నిజంగానే చెబుతున్నాను" అన్నాడు. నవ్వు రెట్టింపైంది. "నవ్వకండి, నేను ఆ అమ్మాయి దగ్గర అబద్ధం కూడా ఆడాను" అన్నాడు. గొంతు వణికింది. ఆ వణుకు కూడా భలే చేశాడనుకున్నారు. స్టోరు గుమస్తా కళ్ళు తుడుచుకుంటున్నాడు, నవ్వలేక. ప్యాకింగ్ వాళ్ళ వరసలో ముక్కమ్మ ఒక్కతే నవ్వకుండా కూర్చుంది. కాసేపటికి ఆమె లేచి బయటికి వెళ్ళిపోయింది. అప్పుడు ఒక్కొక్కరుగా నవ్వు ఆపారు.

చివరికి మేనేజర్ నిర్బంధం పెట్టలేదు. స్టాండు గోడకు వరసగా కొక్కేలు కొట్టించి ఊరుకున్నాడు. కొన్నిటికి హెల్మెట్లు వేలాడతాయి, చాలావాటికి ఉండవు. ముక్కమ్మ సైకిల్ మానేసి బస్సులో వస్తోంది. రేడియో నల్ల హెల్మెట్‌తోనే గేటు లోపలిదాకా వస్తాడు. "చంద్రమండలం నుంచి ఎప్పుడొచ్చావు?" అని నెత్తిన టక్కుమని కొట్టేవాళ్ళున్నారు. ఆయన తిరిగి ఏమీ అనడు. ఆయన బల్ల దగ్గర ఇప్పుడు కుర్చీలు ఖాళీగానే ఉంటున్నాయి.

మొన్నొక రోజు కొత్త రకం సబ్బు అచ్చులోకి వచ్చింది. ముక్కమ్మ పెట్టెల కోసం అటు వచ్చి, ఒక బిళ్ళ చేతిలోకి తీసుకుంది.

"ఇది ఎలా ఉంటుంది బాబాయ్, వాసన?"

"బాగుందమ్మా."

"బాగుందంటే?"

ఆయన బిళ్ళ తీసుకుని వాసన చూశాడు. ఇన్నేళ్ళు ఆ ఫ్యాక్టరీలో పని చేసి ఒక్క సబ్బునూ శ్రద్ధగా వాసన చూసినవాడు కాదు. ఏదో పువ్వులా ఉందన్నాడు. ఏ పువ్వని ఆమె అడిగింది. తెలియలేదు. తియ్యగా ఉందన్నాడు, కాదు, కొంచెం వగరన్నాడు. మరోసారి పీల్చాడు. మాటలే బతుకుగా గడిపిన మనిషి, బిళ్ళ ముక్కు దగ్గరే పెట్టుకుని, ఆమె కళ్ళలోకి చూడలేక తల వంచుకున్నాడు.

"పోనీలే," అని ముక్కమ్మ పెట్టెలు ఎత్తుకుని వెళ్ళింది.