రెండు గీతల మనిషి

మా బావది చాదస్తం అంటే మా అక్కకి కోపం. "పద్ధతి గల మనిషి అనవే" అంటుంది. సరే, పద్ధతే. బస్సు డిపో గేటు దగ్గర ముప్పై ఏళ్లు కూర్చుని, రిజిస్టరులో నంబరు రాయకుండా ఒక్క బస్సునీ వదలని పద్ధతి. షిఫ్టు అయిపోగానే ఆఖరి నంబరు కింద స్కేలు పెట్టి రెండు గీతలు కొట్టేవాడు. ఆ గీతలు పడ్డాక సాక్షాత్తూ డిపో మేనేజరు జీపు వచ్చినా తర్వాతి షిఫ్టు వాడొచ్చేదాకా బయటే. ఒకసారి నిజంగానే వచ్చిందట, బయటే నిలబెట్టాడట. ఆ కథ వారానికోసారి మాకు వినిపించేవాడు.

ఆయన రిటైరైన రెండేళ్లకు మురుగు పైపుల కోసం మా వీధి తవ్వారు. వీధికి అటు చివర గోడ, ఇటు ఉన్నదొక్కటే దారి. అందులో సగం గొయ్యి, మిగతా సగంలో ఒక్క కారు పడుతుంది. వీధివాళ్ల బండ్లు తప్ప ఇంకేవీ రాకూడదని వీధి మొగలో అడ్డకర్ర పెట్టారు. దాన్ని ఎత్తి దించే మనిషి కోసం వెతుకుతుంటే మా బావ దొరికాడు. వాళ్ల అదృష్టం, మా ఖర్మ. ఇల్లిల్లూ తిరిగి పద్నాలుగు నంబర్లు రాసుకొచ్చాడు, పైపుల పని చూసే ఇంజినీరు చేత సంతకం పెట్టించాడు, కింద రెండు గీతలు కొట్టాడు. మాకు బండి లేదు, కాబట్టి మా ఇంటికి నంబరూ లేదు. ఆ పూట ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

అక్కకి తుంటి కీలు అరిగిపోయింది. పది అడుగులు వేస్తే పదకొండోది వేయలేదు. గుమ్మం ముందే గొయ్యి, దాని మీద రెండు చెక్కలు. ఆరు వారాలు గడప దాటలేదు నా తల్లి. ముందుగది కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునేది. తోడుగా ఉంటుందని నా కుట్టుమిషను కూడా ఆ గదిలోకే జరుపుకున్నాను. కిటికీ తెరిస్తే దుమ్ము, మూస్తే ఉక్క. రాయి పగలగొట్టే యంత్రం మోతకి కత్తెర కూడా బల్ల మీద వణికేది.

"జైల్లో అయినా కాసేపు బయట తిప్పుతారట కదే" అనేది అక్క, నవ్వుతూనే.

ఆమె ఆశంతా ఆపరేషన్ మీదే. ఐదు నెలలు ఎదురుచూస్తే ఒక బుధవారం ఇచ్చారు. ఉదయం తొమ్మిదిలోపు ఆసుపత్రి కౌంటర్లో పేరు రాయించుకోవాలి. చీరలు నాలుగు రోజుల ముందే సర్దుకుంది.

ఆ ముందువారం ఎదురింటి టీచరమ్మ వాళ్లమ్మని టాక్సీలో తీసుకొచ్చింది. "నంబరు లిస్టులో లేదమ్మా" అని బావ మొగలోనే దింపేశాడు. ఎనభై ఏళ్ల మనిషి ఎండలో చేతికర్ర పొడుచుకుంటూ నడిచింది. ఆనాటి నుంచి టీచరమ్మ మాతో మాట మానేసింది. వీధిలో మిగతావాళ్లతోనూ ఇంచుమించు ఇదే వరస. ఇక ఏ మొహం పెట్టుకుని కారు అడగను?

"మరి మన టాక్సీ ఎలా వస్తుంది బావా?" అన్నాను.

"ఇంజినీరు గారి సంతకంతో నంబరు కలుపుతా. నువ్వు కంగారుపడకు."

ఇంజినీరు సెలవు మీద వెళ్లాడు. మంగళవారం వస్తానన్నవాడు రాలేదు.

బుధవారం ఎనిమిదికల్లా టాక్సీ మొగలోకి వచ్చింది. నేను పరుగెత్తాను. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, అడ్డకర్ర తాడు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎత్తు బావా!"

"సంతకం లేదు."

"నీ సంతకం మండ! లోపల ఉన్నది నీ పెళ్లాం!"

గొడవ విని టీచరమ్మ బయటికొచ్చింది. "ఎత్తండి బాబాయి గారూ. ఎవరూ ఏమీ అనం" అంది.

"మీ అమ్మగారిని నడిపించాను కదమ్మా" అన్నాడు. తాడు కాస్త వదులు చేశాడు, మళ్లీ బిగించి ముడేశాడు. ఎత్తాలని ఉంది, ఎత్తలేడు. జాలి వేసింది, ఒళ్లూ మండింది.

కిటికీలోంచి అక్క పిలిచింది. "ఆయన ఎత్తరు లేవే. కుర్చీ పట్టండి."

బావ, నేను, టీచరమ్మ, టాక్సీ డ్రైవరు, నలుగురం కుర్చీతో సహా అక్కని మోశాం. చెక్కల మీద ఒక్కో అడుగూ వేసేసరికి తలప్రాణం తోకకొచ్చింది. మట్టిలో రెండుసార్లు కుర్చీ దించాం. అక్క పెదవి కొరుక్కుంది తప్ప అమ్మా అనలేదు. ఆమెను కారెక్కించి నేనూ బావా ఎక్కేసరికి ఎనిమిదీ యాభై.

కౌంటర్ చేరేసరికి తొమ్మిదీ ఇరవై. గుమాస్తా తలెత్తకుండానే రిజిస్టరు మావైపు తిప్పాడు. ఆ రోజు పేర్ల కింద రెండు గీతలు ఉన్నాయి.

నేను అరిచాను, బతిమాలాను. బావ మాత్రం రిజిస్టరు మీదకి వంగాడు. ఆ గీతలకేసి చూస్తూ ఉండిపోయాడు. "మళ్లీ మూడు నెలలకి" అన్నాడు గుమాస్తా.

అదే టాక్సీలో తిరిగొచ్చాం. టాక్సీ మా వీధి మొగలో ఆగింది. బావ గబగబా దిగి, తాను కట్టిన ముడి తానే విప్పి, అడ్డకర్రని రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు.

"పోనీ బాబూ, లోపలికి పోనీ" అన్నాడు డ్రైవరుతో.

"ఆపు నాయనా" అంది అక్క. "మన నంబరు లిస్టులో లేదు."

నా భుజం పట్టుకుని దిగింది. పది అడుగులు నడిచింది, ఆగింది, పదకొండోది వేసింది. బావ ఆ కర్ర అలాగే ఎత్తి పట్టుకుని ఉన్నాడు. దాని కిందనుంచి, ఆయనకేసి చూడకుండా, ఇంటివైపు నడిచింది.