బండ పైలం

బుచ్చిరాములు ఎడమ అరచెయ్యి గుండు మీద ఆనించి ఉంది. కుడిచేతిలోని చిన్న సుత్తెతో అక్కడక్కడ కొడుతూ, చెవి దగ్గర పెట్టి వింటున్నాడు. రాయి ఒక్కోచోట ఒక్కోలా పలుకుతుంది. గట్టిగా ఉన్నచోట గంటలా మోగుతుంది. లోపల సన్నని బీట ఉన్నచోట గొంతు పూడుకుపోయినట్టు మూలుగుతుంది. ఆ రెండు పలుకుల మధ్య గీత ఎక్కడుందో తెలిస్తే సగం పని అయినట్టే. గీత దొరికింది. బొగ్గుముక్కతో గుర్తు పెట్టి, ఉలి ఆనించి, జానెడుకొకటి చొప్పున గుంటలు తవ్వడం మొదలుపెట్టాడు.

రెండు నిలువుల ఎత్తున్న గుండు అది. నాచారం దాటి మల్లాపూర్ వైపు మైలున్నర నడిస్తే, తంగేడు పొదలూ సీతాఫలం చెట్లూ తప్ప మరేమీ లేని మిట్టమీద, వడ్ల గుమ్మిలా నిలబడి ఉండేది. 1984లో అక్కడికి రోడ్డు లేదు, కరెంటు లేదు. నీళ్ళు ఎడ్లబండి మీద డ్రమ్ముల్లో రావాలి. గడ్డపార వేస్తే మూరెడు లోతులోనే నిప్పురవ్వలు లేచే నేల. అలాంటి చోట మూడువందల గజాలు కొన్నాడు జనార్ధనరావు. ఉప్పల్ దగ్గర, భూమి లోపలి రాళ్ళను మిషన్లతో కనిపెట్టే సర్కారు ఆఫీసులో ఆయనకు ఉద్యోగం. గుడివాడ వైపు మనిషి. "సారు భూమి లోపటి రాయి జూస్తడట. మీది రాయి నాకు ఒదిలిండు" అని బుచ్చిరాములు నవ్వేవాడు.

బుచ్చిరాములు అంత నవ్వడమే ఎక్కువ. భువనగిరి పక్క పల్లెనుంచి పదిహేడేళ్ళప్పుడు సమ్మెట భుజాన వేసుకుని వచ్చాడు. ఎవరి దగ్గరా శిష్యరికం చెయ్యలేదు. పగలగొట్టీ పగలగొట్టీ, వేళ్ళు నలగ్గొట్టుకునీ నేర్చుకున్నాడు. నాచారంలో, మల్లాపూర్‌లో లేచిన ఫ్యాక్టరీ షెడ్లలో ఎన్నింటి పునాదుల కింద ఆయన కొట్టిన రాయి ఉందో ఆయనకే లెక్క లేదు. పొద్దున్నించి పొద్దుగూకేదాకా నోరు విప్పకుండా పనిచేసేవాడు. మాటలు చెప్పే మేస్త్రీలంటే ఆయనకు చులకన. "నోరున్నోడు మేస్త్రి గాడు, చెయ్యున్నోడు మేస్త్రి" అనేది ఆయన సామెత. ఆ ఒక్క సామెతకు మాత్రం నోరు ఎప్పుడూ తెరిచే ఉండేది.

అంతకు ముందు మాఘమాసంలో, భూమిపూజ రోజున, జనార్ధనరావు భార్య సత్యవేణి ఆ మిట్టంతా తిరిగి చూసింది. చిన్నపిల్లలా సంబరపడింది. "మా ఊళ్ళో అంతా నల్లరేగడి మేస్త్రీ గారూ. నూరుకోవడానికి రాయి కావాలన్నా ఎక్కణ్ణుంచో బండి మీద రావాల్సిందే. ఇక్కడ దేవుడు ఊరికే పోసేశాడు" అంది. పూజ అయ్యాక పులిహోర గిన్నె పట్టుకుని, తూర్పు దిక్కుకు చెయ్యి చాపి చెప్పింది.

"మేస్త్రీ గారూ, నాకు ఇంట్లో ఇంకేం కోరికల్లేవు. గదులు ఎలా కట్టినా సరే. ఆ బండని మాత్రం ముట్టుకోవద్దు. వరండాలో నిలబడితే అది నాకు కనపడాలి. పొద్దున్నే కాఫీ గ్లాసుతో వెళ్ళి దాని దగ్గర కూర్చోవాలి."

"అట్లనే అమ్మా. మాటిచ్చిన" అన్నాడు బుచ్చిరాములు.

ఆమె చెయ్యి చూపిన దిక్కున రెండున్నాయి. ముందు నిలబడ్డ గుండు. దాని వెనక నేలమీద చాప పరిచినట్టు పరుచుకున్న నున్నటి రాయి. బుచ్చిరాములు పుట్టినప్పటినుంచీ నిలబడేది గుండు, పరుచుకునేది బండ. మిరపకాయలు, వడియాలు ఎండబెట్టుకోవడానికి అడిగింది కాబోలు, ఆడవాళ్ళ తెలివి అనుకున్నాడు. అడగలేదు.

ఆ తర్వాత వారానికే జనార్ధనరావును ఆఫీసువాళ్ళు నాలుగు నెలల క్యాంపు మీద రాజస్థాన్ పంపారు. సత్యవేణి కూతుర్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళింది. వెళ్ళేముందు ఆయన ఒక్కటే చెప్పాడు. "రాయి బయట కొనొద్దు మేస్త్రీ. మన స్థలంలో రాయితోనే గోడలు లేవాలి." అందుకే ఇప్పుడు ఈ ఉలి, ఈ గుంటలు.

గుంటల్లో ఇనుప చీలలు దిగేస్తుంటే సారలమ్మ తట్ట దించి వచ్చి నిలబడింది. ఇరవై ఏళ్ళుగా ఆయన కొట్టిన రాయిని మోసిన భార్య.

"ఏమయ్యా, అమ్మ ముట్టొద్దన్నది గిదే గావొచ్చు. నాకైతే ఆమె చెయ్యి దీని దిక్కే లేసినట్టు అనిపించింది."

"నీకు గట్లనే అనిపిస్తది. ఆమె బండ అన్నది. గిది గుండు."

"ఒక్కపారి అడుగరాదు? అడిగితె నోట్లెకెళ్ళి ముత్యాలు రాలుతయా?"

"ఎవర్ని అడుగాలె? సారు ఎడారిల ఉండె. అమ్మ వాళ్ళ తల్లిగారింట్ల ఉండె. వచ్చేదాంక చేతులు ముడుసుకొని కూసుందామా? పో, తట్ట పట్టు."

సమ్మెట లేచింది. చీలల మీద వరసగా, ఒకదాని తర్వాత ఒకటి, తొందర లేకుండా కొట్టుకుంటూ పోయాడు. ఇనుము మోత సన్నగా మొదలై బరువెక్కుతూ వచ్చింది. అయిదో వరసకు గుండు లోపలినుంచి గుడ్డ చింపినట్టు చప్పుడైంది. పైభాగం నిలువునా విడిపోయి పక్కకు ఒరిగింది. లోపలి రాయి ఎర్రగా, మెరుస్తూ, అంతవరకూ ఎండ చూడని ఒంటితో బయటపడింది. "మస్తు రాయి" అన్నాడు బుచ్చిరాములు. నిజంగానే సంతోషపడ్డాడు.

ఇక బండను మాత్రం కంటిపాపలా కాచాడు. సిమెంటు మాలు కలపడానికి ఆ చుట్టుపక్కల అంతకంటే అనువైన చోటు లేదు. అయినా దానిమీద ఒక్క తట్ట ఇసుక పొయ్యనివ్వలేదు. దూరంగా రేకులు పరిచి అక్కడ కలిపించాడు. కూలివాళ్ళు గొణిగారు. సారలమ్మ కూడా "దేవుని పీటనా ఏంది?" అని ఎత్తిపొడిచింది. ప్రహరీ గోడ దారం కొడితే బండ అంచు మీదినుంచి పోతోందని, గోడనే రెండడుగులు పక్కకు జరిపించాడు. మాటిచ్చాడు మరి.

గుండు సగం కరిగిన రోజుల్లో నాచారం చౌరస్తాలో రేషన్ దుకాణం నడిపే భూషణం కబురు పెట్టాడు. సత్యవేణి నుంచి ఉత్తరం వచ్చింది. బుచ్చిరాములుకు చదువు రాదు కనుక ఆ దుకాణం అడ్రసే ఇచ్చి వెళ్ళిందామె. భూషణం కళ్ళద్దాలు సర్దుకుని పైకి చదివాడు.

"మేస్త్రీ గారికి నమస్కారాలు. మా అమ్మాయి రోజూ మన బండ గురించే అడుగుతోంది. బండ ఎలా ఉంది? దాన్ని ఎవరూ కొట్టకుండా చూడండి. మీ మీదే భారం."

"బండ గురించి గింత ఫికరేంది రాములన్నా? గింత బంగారం గిట్ల దాచిందా దానికింద?" అని భూషణం నవ్వాడు.

"ఆంధ్రోళ్ళకు పచ్చళ్ళ పిచ్చి ఎక్కువ గద. మిరపకాయల కోసమే ఉంటది."

"మరేం రాయమంటవ్?"

బుచ్చిరాములు క్షణం కూడా ఆలోచించలేదు. "బండ పైలం. ఒక్క గీత పడలే. గంతే రాయి."

కార్డు మీద ఇంకా చాలా ఖాళీ మిగిలింది. ఇంకేమన్నా రాయమంటావా అని భూషణం అడిగాడు. అక్కర్లేదన్నాడు. ఆ ఖాళీలో గుండు అన్న ఒక్క మాట పడివున్నా, సగం గుండైనా మిగిలేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నాడో.

జూన్‌లో తొలకరి పడ్డాక సత్యవేణి వచ్చింది. నాచారంలో బస్సు దిగి, కూతురి చెయ్యి పట్టుకుని బండ్లబాట వెంట నడిచింది. ఈతచెట్ల మలుపు తిరగ్గానే గుండు కనపడాలి. కనపడలేదు. మలుపు తప్పానేమో అనుకుని ఇంకా ముందుకు నడిచింది. తన స్థలం పక్కనుంచే, తన గోడల పక్కనుంచే, తలెత్తి వెతుక్కుంటూ దాటిపోయింది. గోడ మీద నిలబడ్డ బుచ్చిరాములు చూసి కేకేశాడు.

"అమ్మా! గిటు, గిటు! ఎటు పోతున్నవమ్మా?"

ఆమె వెనక్కి వచ్చింది. నడుమెత్తు లేచిన గోడలను చూడలేదు. "మన బండేది మేస్త్రీ గారూ?" అంది.

ఆ మాట కోసమే నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్నవాడిలా ఆయన ముందు నడిచాడు. వెనక తూర్పుపక్క, పొద్దున్నే కడిగించిన బండ తడిగా మెరుస్తోంది. "గిదిగో అమ్మా. చూసుకో. ఒక్క గీత పడలే."

సత్యవేణి కిందికి చూసింది. తర్వాత ఖాళీగా ఉన్న ఆకాశంలోకి చూసింది.

"ఇది కాదు. నిలబడి ఉండేది. పెద్దది. దాని నీడలోనే కదా ఆ రోజు పులిహోర తిన్నాం."

"గుండా?"

"గుండేమిటి?"

"అమ్మా... నిలవడేదాన్ని మేము గుండంటం. పరుసుకున్నది బండ."

"మా వైపు ఏదైనా బండే" అంది ఆమె. పిల్ల మాత్రం "బండ ఎక్కడికెళ్ళిందమ్మా?" అని రెండుసార్లు అడిగింది. సత్యవేణి గోడ దగ్గరికి వెళ్ళి రాళ్ళ మీద చెయ్యి వేసింది.

"ఇందులో ఉందా?"

"అంత గోడల్నే ఉన్నదమ్మా. ఒక్క పెచ్చు బయటికి పోలే."

తిడుతుందని నిలబడ్డాడు. తిడితే బాగుండేది. ఆమె "నాకే చెప్పడం రాలేదులెండి" అని, పిల్లనెత్తుకుని వచ్చిన బాటనే వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం సారలమ్మ ఏమైనా అంటుందని చూశాడు. ఆమె అన్నం పెట్టి అవతలికి వెళ్ళి కూర్చుంది. తర్వాతి పదేళ్ళలో ఆ మిట్టమీద గుండ్లన్నీ పోయాయి. సగం ఆయన చేతిమీదే పోయాయి. వాటిలో దేని గురించీ ఆయనకు బాధ లేదు. రాయి ఉన్నది ఇల్లు కావడానికే. ఈ ఒక్కదాని గురించే, పని మానేసిన రోజుల్లో కూడా, కూర్చున్నచోట కూర్చుని సుత్తె పట్టినట్టు వేళ్ళు ముడిచేవాడు.

సత్యవేణి వచ్చి వెళ్ళిన మర్నాడు పనిలోకి వెళ్ళాడు. పగిలిన రాయి అతకదు. అది ఆయనకంటే తెలిసినవాళ్ళెవరు? కానీ వరండా గోడ ఇంకా లేవలేదు. స్థలం మూలన గుండు పైతోలు ముక్కల కుప్ప ఉంది. ఎండకూ వానకూ నల్లబడి, బూడిదరంగు మచ్చలు పట్టిన ముక్కలు. ఏ మేస్త్రీ అయినా ఆ ముఖాన్ని గోడ లోపలికి తిప్పి, ఉలితో చెక్కిన ముఖాన్ని బయటికి పెడతాడు. తోలు బయటికి పెడితే పనిరానివాడంటారు. బుచ్చిరాములు ఇరవై ఏళ్ళలో ఎన్నడూ పెట్టలేదు.

ఇప్పుడు ఆ కుప్ప ముందు కూర్చుని ఒక్కో ముక్కా తిప్పి చూశాడు. ఏది ఏ వైపుదో చేతికి గుర్తుంది. ఇది నెత్తిది. ఇది వాన జారిన పక్కది. ఈ రెండింటి మధ్యనుంచే మొదటి బీట పోయింది. పక్కపక్కన ఉన్నవాటిని పక్కపక్కనే పేరుస్తూ, తోలు బయటికి పెట్టి, వరండా గోడ లేపాడు. మూడు రోజుల పని పదిహేను రోజులైంది. క్యాంపునుంచి వచ్చిన జనార్ధనరావు చూసి, "మైలు లోతున రాయెక్కడుందో చెప్తాను మేస్త్రీ, మా ఆవిడ చెప్పే రాయి ఏదో నేనూ చెప్పలేకపోయాను" అన్నాడు. నవ్విద్దామని అన్నాడు గానీ ఎవరూ నవ్వలేదు.

"మంచిగనే కుదిరింది" అంది సారలమ్మ, గోడ చూసి.

"తోలు కుదిరింది. గుండు యాడిది?" అన్నాడాయన.

అప్పటినుంచి బుచ్చిరాములు పని తీరు మారింది. సత్యవేణి ఆదివారాలు వచ్చినప్పుడు కిటికీ అంటే, వెళ్ళి ఆ చోట చెయ్యి ఆనించి "గిదేనామ్మా?" అనేవాడు. గూడు అంటే "గిక్కడనేనా? గింత ఎత్తుకా?" అనేవాడు. చెయ్యి ఆనించకుండా ఏ మాటా నమ్మలేదు. "అదే మేస్త్రీ గారూ, అదే" అని ఆమె ఓపిగ్గా చెప్పేది. కూలివాళ్ళు చాటుగా నవ్వుకునేవారు. మన మేస్త్రికి నోరొచ్చింది అని.

కార్తీకంలో ఇల్లు పూర్తయింది. స్లాబు ఎండింది, తలుపులకు రంగు పడింది, బండల గచ్చు కడిగారు. ఆఖరి రోజు బుచ్చిరాములు ఉలి పెట్టి వరండా మెట్టు అంచు గరుకు తీసి, అరచేత్తో రాసి చూసుకుని లేచాడు. సత్యవేణి గదులన్నీ తిరిగింది. వరండాలోకి వచ్చి గోడ ముందు ఆగింది. నల్లటి తోలు మీద, మచ్చల మీద, వేళ్ళు పెట్టి నెమ్మదిగా జరిపింది. "ఇది నెత్తి కదూ?" అంది.

"అవునమ్మా. గది నెత్తిదే."

"బాగా కట్టారు." ఆ మాట నిజంగానే అంది. కాసేపు తూర్పు వైపు చూసి, అడిగింది. "అది ఎంత ఎత్తుండేది మేస్త్రీ గారూ? నాకు సరిగ్గా గుర్తు రావడం లేదు."

బుచ్చిరాములు మెట్లు దిగి, అది నిలబడ్డ చోటికి వెళ్ళాడు. అక్కడ ఇప్పుడు చదునైన మట్టి. చెయ్యి పైకెత్తాడు. చాలలేదు. మునివేళ్ళ మీద లేచి, ఇంకా ఎత్తాడు. అదీ చాలలేదు. చాలదని ఆమెకూ తెలిసింది.

"ఇంకా పైకుండెనమ్మా" అన్నాడు.

ఆ చెయ్యి దించుకుని వచ్చి, మొలకు కట్టుకున్న తాళంచెవి విప్పి, అదే చేత్తో ఆమె చేతిలో పెట్టాడు.