నర్సమ్మగారి సముద్రం

సముద్రాన్ని బకెట్లో తయారుచేసే మనిషిని, ఆవిణ్ణి తప్ప నేను మరెవర్నీ చూడలేదు.

ఉప్పెన వచ్చిన మరుసటేడు నేను బెజవాడ గవర్నరుపేటకి కాపురానికొచ్చాను. మా పక్క వాటాలో నర్సమ్మగారు ఒక్కరే ఉండేవారు. ఆవిడ ముందుగదిలో ఓ గాజుతొట్టి, అందులో బందరు నుంచి ఎవరో తెచ్చిచ్చిన చారల సముద్రపు చేపలు రెండు. వాటికి నీళ్లు మార్చాలంటే ముందురోజే బకెట్లో తేరిన కృష్ణ నీళ్లలో కల్లుప్పు పోసి, కరిగేదాకా తిప్పి, గుడ్డ కప్పి ఉంచేవారు. మర్నాడు వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని కళ్లు మూసుకునేవారు.

"ఇంకా సముద్రం రాలేదమ్మాయ్," అని మరో గుప్పెడు వేసేవారు.

ఒకసారి ఉండబట్టలేక చెప్పాను. "మా కంకిపాడులో వరి విత్తనాల్లో తాలు తీయడానికి, కోడిగుడ్డు తేలేదాకా నీళ్లలో ఉప్పు కలుపుతామండీ. మీరూ గుడ్డు వేసి చూడరాదూ?"

ఆవిడ పకపకా నవ్వారు. "అంత ఉప్పయితే గుడ్డుతోపాటు నా చేపలూ తేలతాయి!"

"మరి ఎంత ఉప్పుండాలో మీ నాలిక్కెలా తెలుసండీ?"

ఆవిడ వేలు చెంగుకి తుడుచుకున్నారు. "మాది దివిసీమ. ఉప్పెన నాడు పుట్టింట్లోనే ఉన్నాను. తాటిచెట్టు పట్టుకుని ఎంత మింగానో! ఆ రుచి పోతుందా?"

"అలాంటి సముద్రాన్ని మళ్లీ ఇంట్లో పెట్టుకోవడమేమిటండీ?" అన్నాను.

ఆవిడ చెంబుతో కొత్తనీళ్లు మెల్లగా తొట్టిలో పోసి, అంచుకి నాలుగు వేళ్ల కిందనే ఆపారు.

"ఇది నేను పోసినంత వరకే వస్తుందమ్మాయ్."