ప్యాకేజీ మీద పేరు

బందరులో మా పాలిటెక్నిక్‌కి ఏసుపాదం సివిల్ ల్యాబ్ అటెండరు. సొంతూరు కోడూరు, చదివింది పదో తరగతి. సర్వే పరికరాలు సరిచేసేది అతనే, రీడింగు ఎక్కడ తప్పిందో పిల్లలకి చెప్పేదీ అతనే. రికార్డు పుస్తకాల మీద సంతకం మాత్రం లెక్చరర్ గోవర్ధనరావు గారిది. పద్దెనిమిదేళ్ళుగా అంతే. నేను అక్కడ లెక్కలు చెప్పేవాణ్ణి. చూసీ చూడనట్టు ఊరుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

2003లో ల్యాబ్‌కి పది కంప్యూటర్లు వచ్చాయి. వాటిలో విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించారు. సర్వే లెక్కలకి పిల్లలందరికీ కలిపి ఉన్న ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్లు రెండే రెండు. అచ్చం వాటిలాగే పనిచేసే ప్రోగ్రాం ఒకటి ఇంటర్నెట్‌లో దొరికింది. ఏ మీట తర్వాత ఏ మీట నొక్కాలో ఒక్కసారి రాసి దాచుకుంటే చాలు, ఆ తర్వాత అంకెలిస్తే లెక్క అదే చేసుకుపోతుంది. చిక్కల్లా దాన్ని ఎక్కించడంతోనే. ఆ ప్రోగ్రాం రాసినాయన ఎవరో గానీ, దాన్ని ఉన్నదున్నట్టు పడేసి చేతులు దులుపుకున్నాడు. ఒక్కో కంప్యూటర్లో ఎక్కించేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. ఎవరైనా ఓపిగ్గా దానికి కావలసినవన్నీ ఒకచోట చేర్చి ప్యాకేజీ కట్టి లినక్స్ వాళ్ళ జాబితాలో చేర్పిస్తే, ప్రపంచంలో ఎవరైనా సరే ఒక్క ఆదేశంతో దించుకోవచ్చు.

ఆ ఓపిక ఏసుపాదానికి ఉంది. భోజనాల వేళ అందరూ క్యారేజీలు విప్పుకుంటుంటే అతను డిక్షనరీ పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. నాలుగు నెలలు అలా కుస్తీ పట్టాడు. "ఈ వయసులో నీకెందుకయ్యా ఇదంతా?" అన్నానొకసారి. నవ్వి డిక్షనరీలో పేజీ తిప్పాడు. ఆ మాట అన్నందుకు నాకిప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ప్యాకేజీలో దాని బాగోగులు చూసే మనిషి పేరూ, ఈమెయిలూ రాయాలి. ఏసుపాదం గోవర్ధనరావు గారి పేరూ, మెయిలూ రాసి పంపేశాడు. అందులో మోసమేమీ లేదు. ల్యాబ్ గడప దాటే ఏ కాగితం మీదైనా ఆ పేరే ఉండాలని అతని లెక్క. సారుకి వచ్చే మెయిళ్ళు ప్రింటు తీసి ఇచ్చేదీ తనే కాబట్టి ఇబ్బంది రాదనుకున్నాడు.

వచ్చింది. భార్య సరోజని కోడూరులో దింపి రావడానికి అతను సెలవు పెట్టిన రోజున గోవర్ధనరావు గారు మెయిలు తనే తెరిచారు. లినక్స్ వాళ్ళ తరఫున ప్యాకేజీలు పరీక్షించే ఆయన రాశాడు: "మీ పని బాగుంది. మూడు సందేహాలున్నాయి. పది రోజుల్లో మీరు జవాబివ్వకపోతే దీన్ని పక్కన పెట్టేస్తాం."

మర్నాడు స్టాఫ్ రూములో కంప్యూటరు దగ్గర నా ఎదురుగానే పంచాయితీ జరిగింది.

"నాకు తెలీకుండా నా పేరు దేశాలు తిప్పుతున్నావంటగా?"

"తప్పేనండి."

"వీళ్ళడిగింది నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నీకేమన్నా తెలుస్తోందా?"

ఏసుపాదం కాగితం అందుకున్నాడు. అడక్కుండా కంప్యూటర్లు వాడినందుకు మెమో తప్పదని అతని భయం. చదువుతూ చదువుతూ ఆ భయం సంగతే మర్చిపోయాడు.

"మొదటి రెండూ నిజమేనండి, నేను సరిచేస్తాను. మూడోదాంట్లో ఆయనే పొరబడ్డారండి."

గోవర్ధనరావు గారి సొంతూరు మొవ్వ. కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ కడుపులో ఉండదు. "నా పేరు తీసేసి నీ పేరు రాయి" అన్నారు.

"అటెండరంటే తీసుకుంటారాండి?"

"ఉద్యోగమేంటో రాయమన్నారా అక్కడ?"

"లేదండి. పేరూ, మెయిలూ, అంతేనండి."

"మరింకేం?"

అతను కదల్లేదు. "మీ పేరుంటే తప్పులున్నా ఓ మాట అడుగుతారండి. నా పేరుంటే మొత్తం తీసి పారేస్తారేమోనండి. నాలుగు నెలల పనండి."

ఆ భయం అతనికి నేర్పింది మేమే. గోవర్ధనరావు గారు లేచి, కంప్యూటరు ముందున్న తన కుర్చీ అతని వైపు జరిపారు. ఏసుపాదం దాని అంచు మీద కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తన పేరు కొట్టాడు. సందేహాలకి జవాబులు రాయడానికి పట్టినంతసేపు ఆ పేరుకే పట్టింది.

నెల తిరక్కుండా ప్యాకేజీ జాబితాలోకి ఎక్కింది. డిసెంబరులో ఒక మధ్యాహ్నం ఏసుపాదం చేతిలో ప్రింటుతో నా క్లాసు గుమ్మం దగ్గరికే వచ్చేశాడు. మొహం వెలిగిపోతోంది.

"బ్రెజిల్ నుంచి ఒకాయన మెయిలు రాశారండి. నేను కట్టిన కొత్త వెర్షన్ ఎక్కిస్తే ఆయన దాచుకున్న లెక్కలన్నీ చెరిగిపోయాయటండి. తప్పు నాదేనండి."

"దానికింత సంబరమేంటయ్యా?"

"ఎప్పటికి సరిచేస్తారని నన్నే అడిగారండి."