మందు మీద ప్రార్థన

మా ఆడబిడ్డ, పెద్ద వదిన, అన్నం మీద ప్రార్థన చేసినట్టే ఇన్‌హేలర్ మీదా చేసేది. రెండు చేతుల్లో పట్టుకుని, కళ్ళు మూసుకుని, స్తోత్రం చెప్పి, అప్పుడు పీల్చేది. మా చిట్టమూరులో అదే మందుతో ఎందరికో ఆయాసం తగ్గింది. ఆమెకు తగ్గలేదు.

"విశ్వాసం చాల్లేదు మే నీకు," అన్నారు ప్రార్థన కూటంలో ఆడవాళ్లు. వదిన నమ్మేసింది. అంత ఆయాసంలోనూ ఉపవాసాలు పెంచింది.

చివరికి నెల్లూరులో డాక్టరమ్మ చెప్పింది: "నువ్వు సరిగ్గానే పీలుస్తున్నావమ్మా. కొందరి ఒంటికి పుట్టుకతోనే ఈ మందులు పట్టవు. అమ్మానాన్నల నుంచి వచ్చే గుణం అది. మనకందే మందులన్నీ చూసేశాం."

బయటికొచ్చి వదిన నవ్వింది. "విన్నావా మే, తప్పు నా విశ్వాసానిది కాదంట!" ఆ ఒక్క నవ్వు చూపించినందుకు దేవునికి నేనిప్పటికీ కృతజ్ఞురాలిని.

తిరుగు బస్సులో, మాతో వచ్చిన ఆమె కూతురు తల్లి ఒళ్లో నిద్రపోయింది. ఆ పిల్లకూ మంచు పడితే ఛాతీలో పిల్లికూతలే. వదిన పిల్ల వీపుకు చెవి ఆనించి చాలాసేపు విన్నది.

"నా గుణమే దీనికీ వచ్చుంటాదా?"

నేను పిల్ల మీద కొంగు కప్పాను.

"నా విశ్వాసానిదే తప్పయినా బాగుండు మే," అనింది. "అదైతే బిడ్డకు రాదు గదా."