చుక్కల చాటు పాస్‌వర్డ్

మా ఇంట్లో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. అన్నయ్యకు జీతం పెరిగిందంటే వీధి చివరి ఇస్త్రీ దుకాణం దాకా తెలిసిపోతుంది. అలాంటి కొంపలోకి, కడుపులో మాట పైకి రానివ్వని మా వదిన కోడలిగా వచ్చింది.

వదిన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో బిల్డ్ ఇంజనీరు. ప్రోగ్రామర్లు రాసిన కోడ్ ముక్కలన్నిటినీ ఆమె చూసుకునే బిల్డ్ సర్వర్ కూర్చి, పరీక్షించి, కొత్త వెర్షన్ తయారుచేస్తుంది. దాన్ని బస్టాండ్లలోని టికెట్ యంత్రాలకు పంపే పాస్‌వర్డ్ వదిన ఒక్కదానికే తెలుసు. ఇంటి నుంచి పనిచేసే రోజున అది కొట్టాల్సి వస్తే నన్ను గోడవైపు తిరగమనేది. ఆ పాస్‌వర్డ్‌తో నేనేమన్నా బస్సులు ఎత్తుకుపోతానా అని ఏడిపించేదాన్ని. నవ్వేది గానీ, నేను తిరిగేదాకా వేలు కదిపేది కాదు.

ఒక ఉదయం టికెట్ యంత్రాలన్నీ మొరాయించాయి. ఎవరో చెడిపోయిన వెర్షన్ పంపారు, వదిన పాస్‌వర్డ్‌తోనే. విచారణ అయ్యేదాకా ఇంట్లో ఉండమని గుర్తింపు కార్డు తీసేసుకున్నారు. వదిన ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది. ఉద్యోగం ఊడేలా ఉంది, పైగా నమ్మకద్రోహి అన్న పేరు.

అప్పుడు మా అన్నయ్య, తెలివి తెల్లారినట్టే ఉంది, ఆమె పక్కన చేరి మెల్లగా అడిగాడు.

"నిజం చెప్పు. ఎవరికైనా చెప్పావా?"

వదిన అతని ముఖంలోకి చూసి, లేదని తల ఊపింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మనిషిని అడగాల్సిన మాటేనా అది!

కొన్నాళ్లకు ఆఫీసులో భద్రత చూసే ఆయన ఫోన్ చేశాడు. వదిన స్పీకర్ పెట్టింది. బిల్డ్ సర్వర్‌కు తగిలించిన ప్లగిన్ అనే ఒక చిన్న అదనపు ప్రోగ్రామ్‌లో లోపముందని, తయారుచేసినవాళ్లే ప్రకటించారట. తెరమీద పాస్‌వర్డ్ బదులు నల్లచుక్కలు చూపిస్తుంది గానీ, లోపల ఒక ఫైల్లో దాన్ని ఉన్నదున్నట్టు రాసి పెడుతుందట. ఆ సర్వర్‌లోకి వెళ్లగలిగినవాళ్లెవరైనా, నిన్నగాక మొన్న చేరిన ట్రైనీ అయినా సరే, తెరిచి చదువుకోవచ్చు. చదివి వాడుకున్నది పాత కాంట్రాక్టు ఉద్యోగి ఒకడని, అతను దొరికాడని చెప్పాడు.

ఇక్కడ నన్ను గోడవైపు తిప్పి వదిన టైపు చేసిన అక్షరాలు అక్కడ ఆఫీసంతటికీ బాహాటంగా ఉన్నాయి! ఎప్పటినుంచి అని వదిన అడిగింది, పక్కనే ఉన్న నాకే సరిగ్గా వినపడలేదు. ఆ ప్లగిన్ పెట్టిన రోజునుంచీ అన్నాడాయన. పెట్టింది వదినే, చుక్కల్ని చూసి నమ్మి. రేపు పనిలోకి రమ్మని, పొరపాటైందని చెప్పి ఆయన ఫోన్ పెట్టేశాడు.

అన్నయ్య ముఖం వెలిగిపోయింది. నీ తప్పేం లేదని తేలిపోయిందిగా అంటూ వదిన భుజం మీద చెయ్యి వేయబోయాడు.

వదిన ఆ చెయ్యి పక్కకు జరిపింది.

"ఆఫీసువాళ్లకు తేలాలి, సరే. మీకు కూడా తేలాలా?"